బొద్దక్షరములు: వాని నిర్మాణము, ఉపయోగము

చీరాల బజారునందలి బట్టల దుకాణముల పేరుపలకలను, గోడలమీది సినిమా ప్రకటనలను, పెండ్లి శుభలేఖలను చూచునప్పుడు ముందుగా మన కంటబడునవి లావుగను, సొగసుగను ఉండు అక్షరములే. వీనిని బొద్దక్షరములందురు. ఇవి యెట్లు పుట్టినవి, వీని నిర్మాణమునందలి చిక్కులెవ్వి, వీని నెచ్చట వాడదగును అను సంగతులను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు సంగ్రహముగా వివరింపదలచితిమి.

ఇంగ్లీషు అక్షరముల కొసలయందు పాదములవలె నుండు చిన్న గీతలకు సెరిఫులని పేరు. ఇటలీ దేశీయుడగు బోడోని (1740-1813) నిలువు గీతలను లావుగను, అడ్డగీతలను సెరిఫులను మిక్కిలి సన్నముగను దిద్ది అక్షరములకు గొప్ప తళుకు తెచ్చెను. మన మగ్గముల భాషలో చెప్పవలెనన్న, పడుగు ముతకనూలు, పేక సన్ననూలు అయినట్లుండును. 19వ శతాబ్ది ఆరంభమున లండను నగరమందు వర్తకము పెరిగి గోడప్రకటనలు విస్తరించుటచే, దూరమునుండి చదువదగిన అక్షరములు కావలసివచ్చెను. అంతట అక్షరములు పోతపోయువారు ఆ నిలువు గీతలనే మరింత లావుచేసిరి. 1815 ప్రాంతమున విన్సెంటు ఫిగ్గిన్సు సెరిఫులను గూడ పలకలవలె మందముగా చేసెను. 1845లో రాబర్టు బెస్లీ యొక్క క్లారెండన్, 1922లో అమెరికాయందు ఆస్వాల్డు కూపరు రచించిన కూపర్ బ్లాక్ ప్రసిద్ధికెక్కినవి. ఈ కడపటి దానియందు సెరిఫుల మొనలన్నియు గుండ్రదీరి యుండును. సీసముతో పెద్ద అక్షరములు పోయుట బరువును, వ్యయమును అగుటచే న్యూయార్కు నగరమున డారియస్ వెల్సు కొయ్య అక్షరములను యంత్రముతో చెక్కి, 1828లో వాని నమూనా పుస్తకమును ప్రకటించెను.

ఇక మన తెనుగు సంగతి. ల్యూథరను మిషనరీయగు బెంజమిను షుల్ట్జి 1746లో జర్మనీ దేశపు హాలె పట్టణమున తెనుగు పుస్తకములను అచ్చువేయించెను. సేరంపూరు బాప్తిస్టు మిషనరీలు 1818లో తెనుగు క్రొత్తనిబంధనను ముద్రించిరి. తెనుగు అక్షరములకు సెరిఫులు లేవు. నిలువు గీతలును అరుదు. మన లిపి గుండ్రని లిపి. సెరిఫునకు గల అలంకారపు పని మన లిపిలో కొంతవరకు తలకట్టు చేయుచున్నది. అయితే సెరిఫు తీసివేసినను ఇంగ్లీషు అక్షరము మారదు. తలకట్టు అట్టిది కాదు. అది అక్షరమునందు భాగము.

ఇందుకు నిదర్శనము చూడుడు. పకారమునందు తలకట్టు క్రింది గీతను అంటక విడిగా నుండును, వకారమునందు అంటియుండును. ఈ రెంటికిని నడుమ నున్నది వెంట్రుకవాసి సందు మాత్రమే. గీతలను లావుచేయుటలో ఆ సందు పూడిపోయినచో "పంట" కాస్త "వంట" యగును. గుడిదీర్ఘపు కొస మూసికొనిపోయినచో "వీధి" మారి "విధి" యగును. థకారము కడుపులోని చుక్క మునిగిపోయినచో "కథ" కధగా మిగులును. "రాష్ట్రము" వంటి మాటలలో ఒత్తులు క్రిందికి దిగి, తరువాతి పంక్తిలోని గుడులతో ఢీకొనును. కావున నేర్పుగల చిత్రకారుడు గీతనెల్ల ఒక్కతీరున లావుచేయడు. బయటి వంపులను బలిపించి, లోపలి ఖాళీలను కాపాడును.

పూర్వము తెనుగు అచ్చుకూటములకు గుణింతములు, ఒత్తులు కలిపి వందలకొలది సీసపు అక్షరములు కావలసియుండెను. ఒక క్రొత్త తరహాను పోతపోయుట చాల వ్యయము. కంప్యూటరు ఈ కష్టమును చాలవరకు తీర్చినది. 1991లో వెలువడిన యూనికోడు ప్రథమ ప్రమాణమునందే తెనుగునకు చోటు దొరకెను. సిలికానాంధ్రవారు పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర మొదలగు కవుల పేర్లతో తెనుగు అక్షరరూపములను ఉచితముగా అందించిరి. వానిలో రామభద్ర బొద్దయినది. శీర్షికలకును, గోడప్రకటనలకును, ఆహ్వానపత్రికలకును తగినది.

ఉచితముగా దొరకునని యెల్లచోట్ల వాడరాదు. చీరకు అంచును కొంగును బుటాలతో నింపుదురుగాని, చీర యంతయు అంచే నేయరుగదా. బొద్దక్షరములును అట్టివే. శీర్షికకు, ఒకటి రెండు పంక్తులకు చాలును. పేజీ యంతయు నింపినచో కన్ను అలయును. చోటు చాలలేదని అక్షరములను ప్రక్కలనుండి నొక్కరాదు. మాటలను తగ్గించుట మేలు.

ఇది కేవలము సొగసునకు సంబంధించిన విషయము కాదు. మన యిండ్లలో పెద్దవయస్సున అక్షరములు నేర్చినవారు కలరు. వారు మాటను ఊహించి చదువరు. ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొని చదువుదురు. ఆసుపత్రి పలకమీదనో, పాఠశాల ప్రకటనయందో ఒక అక్షరము మరియొకటిగా కనబడినచో, వారు తమకే చదువు రాలేదని సిగ్గుపడుదురు. తప్పు అక్షరము దిద్దినవారిదని వారికి తోచదు. కావున విద్యార్థులారా, వార్షికోత్సవ ప్రకటనను మీరు సిద్ధపరచినప్పుడు దానిని గోడకు అంటించి, పది అడుగుల దూరమున మీ అవ్వనో తాతనో నిలిపి చదివింపుడు. వారు తడుముకొనక చదివినచో ఆ అక్షరములు మంచివి; తడబడినచో మార్చుడు.