చక్కెర అదుపు తప్పితే జ్ఞాపకశక్తికీ ముప్పే
వణుకుడు వ్యాధిగ్రస్తులకు మధుమేహం తోడైతే అప్రమత్తత అవసరం

చేతులు వణకడం, అడుగు తడబడటం, కండరాలు బిగుసుకుపోవడం.. పార్కిన్సన్స్ వ్యాధి అనగానే గుర్తుకొచ్చే లక్షణాలివే. వ్యాధి ముదిరేకొద్దీ మతిమరుపు, ఆలోచనలో మందకొడితనం కూడా తోడవుతాయన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. పెద్దాయన లెక్కలు తప్పుతున్నా, మందు వేసుకున్నదీ లేనిదీ మరచిపోతున్నా 'వయసు మీద పడింది కదా' అని సరిపెట్టుకుంటారు. రోగికి మధుమేహం కూడా ఉంటే ఈ క్షీణత మరింత వేగంగా సాగే అవకాశముందని పలు పరిశోధనలు సూచిస్తున్నాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. ఈ నేపథ్యంలో రెండు వ్యాధులూ ఒకే మనిషిలో కనిపించడం అరుదేమీ కాదు.

రెండింటికీ లంకె ఇదీ..
బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని తొలిసారి సమగ్రంగా వర్ణించారు. రోగి బుద్ధికి హాని కలగదని ఆయన భావించారు. అది సరికాదని తర్వాతి కాలంలో తేలింది. మెదడులో డోపమైన్‌ను తయారుచేసే కణాలు నశించడం, ఆల్ఫా సిన్యూక్లిన్ అనే మాంసకృత్తు ముద్దలుగా పేరుకోవడం ఈ వ్యాధిలో ప్రధానం. ఇన్సులిన్ అవసరం మెదడు కణాలకూ ఉంటుంది. టైప్-2 మధుమేహంలో శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు. ఆ ప్రభావం మెదడుకూ పాకితే కణాలు బలహీనపడతాయని శాస్త్రవేత్తల భావన. దీర్ఘకాలం చక్కెర అధికంగా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలూ దెబ్బతింటాయి. అప్పటికే సతమతమవుతున్న మెదడుకు ఇది అదనపు భారం. అయితే మధుమేహం ఉన్న ప్రతి రోగికీ మతిమరుపు వస్తుందని అనుకోరాదు.

పొరబడితే ప్రమాదం
రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కూడా వణుకు, చెమటలు, తికమక కనిపిస్తాయి. వీటిని పాత జబ్బుగానే భావించి ఊరుకుంటే ప్రాణాపాయం ఏర్పడవచ్చు. వెంటనే గ్లూకోమీటరుతో పరీక్షించడం మేలు. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో బి-12 విటమిన్ తగ్గవచ్చు. ఆ లోపం కూడా మతిమరుపునకు దారితీస్తుంది. సాధారణ రక్తపరీక్షతో దీనిని గుర్తించి సరిచేయవచ్చు.

ఆశలు రేపిన మందులు
మధుమేహానికి వాడే ఎక్సెనటైడ్ పార్కిన్సన్స్‌కూ పనికొస్తుందని 2017లో ఓ చిన్న ప్రయోగం ఆశలు రేపింది. 2025లో వెలువడిన పెద్ద ప్రయోగంలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. అదే కోవకు చెందిన లిక్సిసెనటైడ్ కదలికల క్షీణతను ఏడాదిపాటు కొంత నిలువరించినట్లు 2024లో ప్రకటించారు. వీటిని సొంతంగా కొని వాడటం తగదు.

కుటుంబ సభ్యులు చేయాల్సిందేమిటంటే..
* రెండు జబ్బులకు వేర్వేరు వైద్యులు చూస్తుంటే, మందుల చీటీలన్నీ ఇద్దరికీ చూపాలి.
* మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష క్రమం తప్పక చేయించాలి. వృద్ధులకు చక్కెరను మరీ తగ్గించడమూ మంచిది కాదు. ఎంత ఉండాలో వైద్యుడే నిర్ణయించాలి.
* మందులు వేళకు వేసే బాధ్యతను ఇంట్లో ఒకరు తీసుకోవాలి.
* శక్తి మేరకు రోజూ నడిపించాలి. అది చక్కెర అదుపునకూ, కదలికలకూ మేలు చేస్తుంది.

మతిమరుపు కనిపించిన తొలి రోజుల్లోనే వైద్యుడి దృష్టికి తెస్తే సరిచేయదగ్గ కారణాలను ఆదిలోనే పట్టుకోవచ్చు.