తీర్పరి – మేటి ఆటగాడు

వికారాబాదు, తాండూరు జట్ల మధ్య కబడ్డీ పోటీ జరుగుతున్నదనుకొందాం. మేటి ఆటగాడొకడు కూతకు వెళ్ళి, ముగ్గురిని తాకి, గీత వైపు మరలాడు. నడుమ ఒక్క క్షణం కూత తెగింది. నియమం ప్రకారం అతడు ఔటు. కొత్త కుర్రవాడైతే తీర్పరి ఈల వెంటనే మోగేది. కాని జనం వచ్చింది ఇతని ఆట చూడడానికే. ఈల పెదవుల దగ్గరే ఆగిపోతుంది.

ఇది నేటి జాడ్యం కాదు. భారతంలో గదాయుద్ధ నియమాన్ని మీరి భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టినప్పుడు, ఇద్దరికీ గురువైన బలరాముడు నాగలి ఎత్తి భీమునిపైకి ఉరికాడు. కృష్ణుడు ఆపాడు. బలరాముడు కోపంతో ద్వారకకు వెళ్ళిపోయాడు. గెలుపు భీమునికే మిగిలింది.

తీర్పరి వెనుకాడడానికి అభిమానం కంటె భయమే పెద్ద కారణం. 2001 నవంబరులో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్ టెస్టులో మ్యాచ్ రిఫరీ మైక్ డెన్నెస్, సచిన్ టెండూల్కర్‌తో సహా ఆరుగురు భారత ఆటగాళ్ళను శిక్షించాడు. అంపైర్లకు చెప్పకుండా బంతిని శుభ్రం చేయడం సచిన్ చేసిన తప్పు. దేశం భగ్గుమంది. ఉభయ దేశాల బోర్డులు సెంచూరియన్‌లో జరిగే తరువాతి ఆటకు డెన్నెస్‌ను తప్పించాయి. అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆ ఆటకు టెస్టు హోదా నిరాకరించింది. దక్షిణాఫ్రికా ఆటగాళ్ళ అతి అప్పీళ్ళను ఆయన పట్టించుకోలేదన్న మనవారి ఫిర్యాదు తోసివేయదగినది కాదు. అయితే దానికి పునర్విచారణ మార్గం ఏర్పరచవలసింది. శిక్షించినవానినే తొలగిస్తే తరువాతి తీర్పరులందరికీ అది హెచ్చరిక అవుతుంది.

పక్షపాత నిందను పోగొట్టడానికి అంతకుముందే ఒక మంచి ప్రయత్నం జరిగింది. 1986 నవంబరులో వెస్టిండీస్‌తో లాహోరులో జరిగిన టెస్టుకు పాకిస్తాన్ నాయకుడు ఇమ్రాన్ ఖాన్ చొరవతో తటస్థ అంపైర్లను పిలిచారు. వారిలో ఒకరు హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి, మరొకరు పిలూ రిపోర్టర్. 2002లో టెస్టులకు ఇద్దరు అంపైర్లూ తటస్థులే కావాలన్న నియమం వచ్చింది.

ఈ ఏర్పాటు ఊరి అభిమానాన్ని తొలగిస్తుంది గాని పేరుప్రతిష్ఠల ప్రభావాన్ని తొలగించలేదు. మన పోటీకి పరిగి నుంచి తీర్పరిని పిలిపించవచ్చు. ఆ మేటి ఆటగాని పేరు పరిగిలోనూ వినే ఉంటారు. కాబట్టి తీర్పు ఏదైనా తీర్పరి పక్షాన నిలుస్తామని నిర్వాహకులు ఆటకు ముందే ఇరుజట్ల నాయకులకు స్పష్టం చేయాలి. కూత తెగిందని అతడు ఈల ఊదినప్పుడు, జనం మైదానంలోకి దూసుకొనివస్తే అడ్డుపడవలసినవారు వారే.