హైదరాబాద్‌లో గృహసాంద్రత నియంత్రణ: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ నేపథ్యం

తెలుగులో ‘ఇరుకు’ అనే మాటకు చోటు చాలకపోవడమే కాక చిక్కు అనే అర్థమూ ఉంది. నగరపాలన చరిత్రలో ఈ రెండర్థాలూ కలిసే వస్తాయి. ప్లేగు వ్యాపించిన బొంబాయిలో 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. నిజాం రాజ్యం నేరుగా ఆంగ్లేయుల పాలనలో లేకపోయినా ఆ ఆలోచనాధోరణి ఇక్కడికీ చేరింది. 1908 మూసీ వరద దరిమిలా, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నాంపల్లి వంటిచోట్ల కిక్కిరిసిన బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ గల ఇళ్లను కట్టించింది. కూల్చిన బస్తీల్లోని పేదలు ఆ కొత్త ఇళ్ల అద్దె భరించగలిగారా అన్నది వేరే ప్రశ్న. ఏమైనా, నాటి నియంత్రణకు ప్రాతిపదిక మనుషుల ఇరుకే.

తరువాతి కాలంలో కొలమానం మారింది. స్థలవిస్తీర్ణానికీ అంతస్తుల మొత్తం వైశాల్యానికీ ఉండవలసిన నిష్పత్తి (ఎఫ్.ఎస్.ఐ.) ముఖ్యమైంది. 2006 మార్చి నాటి జి.ఓ. 86 దానినీ తొలగించి రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీజాగా (సెట్‌బ్యాక్) అనే కొలతలను ఆధారం చేసుకుంది. 2012 నాటి జి.ఓ. 168 ఆ పద్ధతినే కొనసాగించింది.

దీని పర్యవసానం తూర్పు హైదరాబాద్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేవరకు వేర్వేరు పురపాలికలు. ఇక్కడి కాలనీల సందులు చాలావరకు తొలినాటి లేఅవుట్లలో గీసినవే. కోచింగ్ సెంటర్లకు పేరుపొందిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు హాస్టల్‌గా మారడం నిత్యం చూసేదే. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. నాలుగంతస్తుల భవనంలో అంతస్తుకు రెండు వాటాల చొప్పున ఎనిమిది కుటుంబాలు, కుటుంబానికి నలుగురు అనుకుంటే 32 మంది. అదే భవనంలో వాటాకు మూడు గదులు, గదికి నాలుగు మంచాలు వేస్తే 96 మంది. గోడ ఒక్క అంగుళమైనా జరగలేదు, సెట్‌బ్యాక్ చెక్కుచెదరలేదు. సాంద్రత మాత్రం మూడింతలైంది. మెట్లదారి అదే, మురుగుగొట్టం అదే.

హాస్టల్ నడపడానికి తీసుకునే వ్యాపార లైసెన్సు వేరే వ్యవహారం. నా అభిప్రాయంలో అసలు లోపం నిర్మాణ నిబంధనల్లో ఉంది. ఎఫ్.ఎస్.ఐ. ఉన్నా ఈ 96 మందిని పట్టుకోలేదు, ఎందుకంటే అదీ కట్టడాన్నే కొలుస్తుంది. ప్రస్తుత నిబంధనల్లో వాహనాల పార్కింగుకు ఎంత చోటు విడవాలో లెక్క ఉంది. ఎత్తునూ సెట్‌బ్యాక్‌నూ నిర్ణయించే పట్టికల్లో మంచాల సంఖ్యకు గడి లేదు.