ఆ వెయ్యి రూపాయలు ఎక్కడిస్తే భూమికి మేలు?

మొక్కలు నాటేవాళ్లకా, సోలార్ దీపాలు పంచేవాళ్లకా, కొత్త చట్టం కోసం తిరిగేవాళ్లకా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడమే కొందరికి ఫుల్‌టైమ్ ఉద్యోగం. వాతావరణ మార్పు మీద పరిశోధన చేసి, దాతల డబ్బుకి దారి చూపే ఆ పని ఎలా ఉంటుందో చూద్దాం.

జూన్ 5 వస్తే చాలు, ఫోన్ నిండా పచ్చదనమే. ‘మీ పేరు మీద మొక్క నాటుతాం, వంద పంపండి’ అని ఒకరు. ‘మీ విమాన ప్రయాణం వల్ల వచ్చే కార్బన్‌ని మేం సరిచేస్తాం, ఇంకాస్త కలపండి’ అని టికెట్ బుక్ చేసే చోట ఇంకొకరు. ‘పల్లెలో ఓ సోలార్ దీపం వెలిగించండి’ అని మరొకరు. అందరివీ మంచి మాటలే. కానీ అందరికీ ఇచ్చేంత డబ్బు ఎవరి దగ్గరుంది?

మనం రెండు నిమిషాలు ఆలోచించి వదిలేసే ఈ ప్రశ్న మీద నెలల తరబడి కూర్చునేవాళ్లున్నారు. అమెరికాలో 2019లో డాన్ స్టెయిన్ అనే ఆర్థికవేత్త మొదలుపెట్టిన ‘గివింగ్ గ్రీన్’ పని ఇదే. లండన్‌లో పుట్టిన ‘ఫౌండర్స్ ప్లెడ్జ్’లోనూ ఇందుకో బృందం ఉంది. తమ కంపెనీ అమ్మినప్పుడు వచ్చే డబ్బులో కొంత దానం చేస్తామని మాటిచ్చిన స్టార్టప్ యజమానులకి ఆ బృందం సలహా ఇస్తుంది.

ఇంత కసరత్తు ఎందుకంటారా? ప్రపంచంలో దాతలు ఇచ్చే మొత్తం డబ్బులో కర్బన ఉద్గారాలు తగ్గించే పనులకి వెళ్లేది 2 శాతం కూడా లేదని ‘క్లైమేట్‌వర్క్స్ ఫౌండేషన్’ ఏటా లెక్క చెబుతోంది. ఉన్నదే కొంచెం. అది పొరపాటు చోటికి వెళ్తే మళ్లీ వెనక్కి రాదు.

మొదటి ప్రశ్నే కష్టం

ఈ పరిశోధకులు ముందుగా అడిగేది ‘ఈ సంస్థ మంచిదేనా?’ అని కాదు. ‘మన డబ్బు రాకపోయినా ఈ పని జరిగేదేనా?’ అని. జరిగేదే అయితే మనం ఇచ్చింది దేనికి పనికొచ్చినట్టు?

దీనికి మన దేశంలోనే ఓ ఉదాహరణ ఉంది. అనంతపురం వైపు బస్సులో వెళ్తే కొండల మీద గాలిమరలు కనిపిస్తాయి కదా. ఇలాంటి ప్రాజెక్టులు ‘మా వల్ల ఇంత కార్బన్ తగ్గింది’ అని క్రెడిట్లు అమ్ముకునే ఏర్పాటు ఒకటి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో చాలా ఏళ్లు నడిచింది. విదేశీ కంపెనీలు ఆ క్రెడిట్లు కొని తమ పొగకి చెల్లు రాసుకునేవి. కొందరు ఆర్థికవేత్తలు భారత్‌లోని 1,350 పవన విద్యుత్ ప్రాజెక్టులని పరిశీలించారు. క్రెడిట్లలో కనీసం 52 శాతం, ఆ డబ్బు రాకపోయినా కట్టి ఉండే ప్రాజెక్టులకే వెళ్లాయని తేల్చారు. గాలిమరలు నిజం, అవి ఇచ్చిన కరెంటూ నిజం. క్రెడిట్ డబ్బు వల్ల అదనంగా తగ్గిందన్న కార్బనే సగానికి పైగా కాగితాల మీద మిగిలింది.

జర్మనీ ఊరి నుంచి కడప దాకా

మరి డబ్బు, శ్రమ నిజంగా ఫలించిన చోటు ఏది? ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునే కథ సోలార్‌ది.

1990ల్లో జర్మనీలోని ఆహెన్ లాంటి కొన్ని ఊళ్లలో మామూలు జనం చిన్న సంఘాలు పెట్టుకుని ఒకటే అడిగారు: ‘ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవాళ్లకి ఖర్చు గిట్టేలా కరెంటు కొనండి.’ ఊరి స్థాయిలో గెలిచారు. 2000లో అదే ఆలోచన దేశం మొత్తానికి చట్టమైంది. సోలార్ కరెంటుకి 20 ఏళ్ల పాటు ఫలానా రేటు ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. గిరాకీ ఖాయం కావడంతో ఫ్యాక్టరీలు లేచాయి. తర్వాత చైనా ఆ తయారీని భారీగా పెంచింది. అంతకుముందు అమెరికా, జపాన్ చేసిన పరిశోధనల పుణ్యం కూడా ఇందులో ఉంది. 2010 తర్వాతి పదేళ్లలోనే ప్యానెళ్ల ధర దాదాపు 90 శాతం పడిపోయింది.

నిజానికి జర్మనీలో ఎండ అంతంతమాత్రం. అక్కడి ఇళ్ల మీద పెట్టిన ప్యానెళ్ల వల్ల ఎంత పొగ తగ్గిందని మాత్రమే లెక్కేస్తే అది చాలా ఖరీదైన పని. కానీ ధర తగ్గింది ప్రపంచం మొత్తానికి. మన దేశంలో 2010లో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో యూనిట్ దాదాపు 12 రూపాయలు పలికింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలకి దిగింది. మరుసటి నెల రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలు. ఆహెన్‌లో సంతకాలు సేకరించినవాళ్లకి కడప ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు.

‘ఇక్కడ ఎన్ని టన్నులు తగ్గాయి’ అన్న లెక్క ఒక్కటే చాలదని పరిశోధకులు చెప్పేది ఇందుకే. ‘ఈ పని వల్ల రేపు మిగతా ప్రపంచానికి ఏది చవకవుతుంది, ఏది తేలికవుతుంది’ అన్నదీ చూడాలి. పెద్దగా ఎవరూ పట్టించుకోని రంగాల్లో చట్టాల కోసం, కొత్త టెక్నాలజీల కోసం పనిచేసే సంస్థలు వీళ్ల జాబితాల్లో తరచూ కనిపించడానికి కారణం అదే. సిమెంటు, ఉక్కు, భూగర్భ వేడితో కరెంటు, మీథేన్ లీకులు... ఇలాంటివన్నమాట. వీటితో సెల్ఫీ దిగలేం. అందుకే డబ్బూ తక్కువే వస్తుంది.

రోజంతా ఏం చేస్తారు?

సగం రోజు చదవడం, పావు రోజు ఫోన్లు, మిగతాది ఎక్సెల్ అనుకోండి. ఒక సంస్థని పరిశీలిస్తే దాని పాత రికార్డు తీస్తారు. ‘ఆ చట్టం మా వల్లే వచ్చింది’ అని సంస్థ చెబితే నమ్మి ఊరుకోరు. ఆ చర్చల్లో ఉన్న అధికారుల్ని, అదే రంగంలోని వేరే సంస్థల్ని, వీలైతే వ్యతిరేకించినవాళ్లని కూడా అడుగుతారు. ‘ఇంకో కోటి వస్తే ఏం చేస్తారు?’ అన్నది తప్పనిసరి ప్రశ్న. మంచి సంస్థే అయినా బ్యాంకులో డబ్బు మూలుగుతుంటే ఇంకొకరికి ఇవ్వడం మేలు కదా.

తర్వాత లెక్క. ఒక సంస్థ కోటి రూపాయలతో 10 వేల టన్నుల కార్బన్ ఖాయంగా తగ్గిస్తుందనుకుందాం. ఇంకోటి ఓ చట్టం కోసం ప్రయత్నిస్తోంది. గెలిచే అవకాశం పదింట ఒకటి, గెలిస్తే 10 లక్షల టన్నులు తగ్గుతాయి. సగటు తీస్తే రెండోదానికి లక్ష టన్నులు. కాగితం మీద పది రెట్లు మేలు. కానీ పదిసార్లలో తొమ్మిదిసార్లు చేతికొచ్చేది సున్నా. ఈ మాట దాతకి ముందే చెప్పి, ‘అయినా ఇవ్వండి’ అనగలగాలి. ఈ ఉద్యోగంలో అసలు పరీక్ష అక్కడే.

గెలిచాక కూడా ఓడొచ్చు

చట్టాల మీద పెట్టిన డబ్బుకి ఇంకో ప్రమాదం ఉంది. 2022లో అమెరికా శుద్ధ ఇంధనానికి భారీగా పన్ను రాయితీలిస్తూ చట్టం చేసింది. ఏళ్ల తరబడి పనిచేసిన సంస్థలు పండగ చేసుకున్నాయి. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన కొత్త చట్టం పవన, సౌర విద్యుత్తు రాయితీలకి గడువు బాగా కుదించేసింది. అణు విద్యుత్తు, భూగర్భ వేడి, కార్బన్‌ని పట్టి నిల్వచేసే టెక్నాలజీల రాయితీలు మాత్రం చాలావరకు నిలిచాయి. వాటికి రెండు పార్టీల్లోనూ మద్దతుదారులు ఉండటం ఇందుకో ముఖ్య కారణం.

ఈ రెండు జాబితాల్లోనూ చోటు దక్కించుకున్న ‘క్లీన్ ఎయిర్ టాస్క్ ఫోర్స్’ అనే సంస్థ ఇలాంటి పనులకే పేరుపడింది. 1996లో పాత బొగ్గు ప్లాంట్ల కాలుష్యం మీద పోరాటంతో మొదలై, తర్వాత మీథేన్ మీద పట్టుబట్టింది. మొదటి 20 ఏళ్లలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అయితే ఈ సంస్థ అణు విద్యుత్తుని, కార్బన్ నిల్వని సమర్థించడం చాలామంది పర్యావరణవాదులకి నచ్చదు. పరిశోధకులు పేరు సూచిస్తారు, కానీ అందరినీ ఒప్పించలేరు.

మరి ఈ ఎండకి పోయే ప్రాణాలో?

తెలుగువాళ్లకి వెంటనే వచ్చే సందేహం ఇది. 2015 వేసవిలో వడగాడ్పులకి దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్లే. ప్రపంచ ఉద్గారాల్లో వీళ్ల వాటా ఎంత? దాదాపు ఏమీ లేదు. ‘ఇరవై ఏళ్ల తర్వాతి టన్నుల సంగతి తర్వాత, ఈ మే నెల సంగతేంటి?’ అని అడిగితే తప్పేముంది?

తప్పేం లేదు. ఇక్కడా అదే పద్ధతి పనికొస్తుంది. 2010 మే నెల ఎండలకి అహ్మదాబాద్‌లో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. 2013లో ఆ నగరం వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, జనానికి అవగాహన... అంతా తక్కువ ఖర్చు పనులే. దీనివల్ల ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని తర్వాత వచ్చిన ఓ అధ్యయనం అంచనా వేసింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అది ఎన్ని రేకుల ఇళ్ల దాకా చేరుతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది తేల్చడం కూడా ఈ పరిశోధకుల పనే.

టన్ను కార్బన్‌ని, ఒక ప్రాణాన్ని ఒకే తక్కెడలో తూచే లెక్క మాత్రం ఏ ఎక్సెల్ షీటూ ఇవ్వదు. అది ఇచ్చేవాళ్ల మనసుకే వదిలేయాలి. మనసు తేల్చుకున్నాక, ఆ దారిలో ఏ సంస్థకి ఇస్తే ఎక్కువ ఫలితమో చెప్పడమే పరిశోధకుల వంతు.

మనమూ చేయొచ్చా?

ఎందుకు చేయకూడదు? దీనికంటూ ప్రత్యేక డిగ్రీ లేదు. ఇంజినీరింగ్, ఎకనామిక్స్, పబ్లిక్ పాలసీ చదివినవాళ్లు ఎక్కువగా వస్తారు. లెక్కలంటే భయం లేకపోవడం, కష్టమైన విషయాన్ని తేలిగ్గా రాయగలగడం, ‘నా అంచనా 10కీ 50కీ మధ్య’ అని మొహమాటం లేకుండా చెప్పడం ముఖ్యం. మన దేశంలో ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ, బెంగళూరులోని సీస్టెప్, పుణెలోని ప్రయాస్ లాంటి సంస్థల్లో ఇంధనం, వాతావరణం మీద పరిశోధన జరుగుతోంది. దాతల్ని ఈ రంగం వైపు తీసుకురావడానికే 2020లో ‘ఇండియా క్లైమేట్ కొలాబరేటివ్’ మొదలైంది. పైగా లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్‌కి ఖర్చు చేయాలన్న నిబంధన పెద్ద కంపెనీలకి ఎలాగూ ఉంది. ఆ డబ్బు ఏటా మొక్కల ఫొటోల దగ్గరే ఆగిపోకుండా చూసేవాళ్లు కావాలి.

ఇచ్చే ముందు ఐదు ప్రశ్నలు

* నా డబ్బు రాకపోయినా ఈ పని జరిగేదేనా?
* ఈ రంగానికి ఇప్పటికే డబ్బు బాగా వస్తోందా, లేక ఎవరూ పట్టించుకోవట్లేదా?
* గెలిస్తే ఫలితం ఈ ఊరితో ఆగుతుందా, ఇంకా పాకుతుందా?
* నాటిన మొక్కల సంఖ్య చెబుతున్నారా, మూడేళ్ల తర్వాత బతికున్నవాటి సంఖ్య కూడానా?
* ఓడిపోయిన ప్రయత్నాల గురించి సంస్థ తన నివేదికలో ఒక్క ముక్కైనా రాసిందా?

చివరిగా డబ్బు సంగతి. దానానికి పన్ను మినహాయింపు కావాలంటే అందుకు గుర్తింపు ఉన్న మన దేశ సంస్థకే ఇవ్వాలి. విదేశీ సంస్థలకి పంపే డబ్బుకి అది వర్తించదు.