ఊరు వదిలాం, కాగితాలు వదిలేశాం

తట్టాంచావడి పారిశ్రామికవాడలో పని ముగించుకుని జనం ఇళ్లకు మళ్లే వేళకు మా వీధి మలుపులో బజ్జీల బండి పెడతారు. నాన్నగారికి బదిలీ అయి పుదుచ్చేరికి వచ్చిన రెండో వారంలో మేం అక్కడ అరటికాయ బజ్జీలు కొనుక్కున్నాం. ఇంటికొచ్చి పొట్లం విప్పితే నూనె మరకల కింద ఒక అమ్మాయి ఫొటో కనిపించింది. అది ఎవరిదో దరఖాస్తు జిరాక్సు. పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, తండ్రి ఫోన్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి. అక్క నవ్వబోయి ఆగిపోయింది. "ఇది నాదే అయి ఉంటే?" అంది. అమ్మ ఆ కాగితాన్ని ముక్కలుగా చింపి, అగ్గిపుల్ల గీసి కాల్చేసింది.

ఆ రాత్రి అందరం కూర్చుని లెక్క వేశాం. సామాను లారీ, అద్దె ఇల్లు, గ్యాస్, బ్యాంకు, సిమ్ కార్డు, బడి, అక్క ట్యూషన్... ఈ ఒక్క బదిలీలో తొమ్మిది చోట్ల మా కాగితాల నకళ్లు ఇచ్చాం. విశాఖపట్నంలోనూ, అంతకుముందు ఉన్న ఊళ్లోనూ ఇలాగే ఇచ్చాం. మనలాంటి ఉద్యోగుల పిల్లలం మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారతాం. మన కాగితాలు మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోతాయి.

వివరాలు పోతే ఏం పోతుంది?

"పేరు, నంబరు తెలిస్తే ఏమవుతుందిలే" అని మేమూ అనుకున్నాం. నెల తిరక్కుండానే అమ్మకు ఒక ఫోన్ వచ్చింది. పాత ఇంటి కరెంటు డిపాజిట్ వెనక్కి ఇస్తామన్నాడు. నాన్నగారి పేరు చెప్పాడు, పాత ఇంటి డోర్ నంబరు చెప్పాడు, మేం ఊరు మారిన సంగతీ చెప్పాడు. ఇన్ని తెలిసినవాడు అబద్ధం ఎందుకు చెబుతాడని అమ్మ నమ్మింది. "ఓటీపీ చెప్పండి మేడం" అనేసరికి అక్క ఫోన్‌లో వచ్చిన సందేశం గట్టిగా చదివింది. అందులో ఉన్నది డిపాజిట్ సంగతి కాదు, మా ఖాతా నుంచి డబ్బు పంపే సంగతి. అమ్మ వెంటనే ఫోన్ పెట్టేసింది.

మా వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోయాయో మాకు ఇప్పటికీ తెలియదు. ఒక్క విషయం మాత్రం బాగా అర్థమైంది. మోసగాడు ముందుగా దొంగిలించేది డబ్బును కాదు, నమ్మకాన్ని. మన గురించి తెలిసినవాడు మనవాడే అనిపిస్తుంది. అందుకే మన వివరాలు దాచిపెట్టే ప్రతి సంస్థా మన నమ్మకానికి కాపలాదారు.

ఈ ప్రశ్న పుదుచ్చేరిలో పెద్ద స్థాయిలోనూ వచ్చింది. 2021 శాసనసభ ఎన్నికల ముందు ఇక్కడి ఓటర్ల ఫోన్లకు వాట్సాప్ బృందాల్లో చేరమంటూ సందేశాలు వచ్చాయి. ఆ నంబర్లు ఎలా దొరికాయన్న ఫిర్యాదు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. ఆధార్ వివరాల నుంచి తీసుకున్నారన్నది ఆరోపణ. తమ దగ్గర నుంచి ఏదీ బయటికి పోలేదని ఆధార్ సంస్థ చెప్పింది. నంబరు ఇచ్చేటప్పుడు ఎవరికి, ఎందుకు ఇస్తున్నామో మనం గుర్తుపెట్టుకోకపోతే, తర్వాత అది ఎటు పోయిందో తేల్చడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మంచి సంస్థ ఎలా కాపాడుతుంది?

మొదటిది, అవసరమైనంతే అడుగుతుంది. పెన్ను కొన్నందుకు పుట్టిన తేదీ అక్కర్లేదు. అడగని వివరం పోయే అవకాశమే లేదు.

రెండోది, కప్పి చూపిస్తుంది. ఆధార్ సంఖ్యలో 12 అంకెలుంటాయి. 'మాస్క్‌డ్ ఆధార్'లో చివరి 4 అంకెలు మాత్రమే కనిపిస్తాయి. ఆధార్ వెబ్‌సైటు నుంచి దీన్ని మనమే దింపుకోవచ్చు.

మూడోది, అసలుకు బదులు టోకెను వాడుతుంది. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను గుర్తుందా? అది అక్కడే పనికొస్తుంది, ఇంకెక్కడా చెల్లదు. ఆన్‌లైన్ కొనుగోళ్లకూ ఇదే పద్ధతి వచ్చింది. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు మన కార్డు పూర్తి నంబరును తమ దగ్గర దాచుకోకూడదు. దాని బదులు ఒక టోకెను ఉంటుంది. ఎవరైనా దాన్ని దొంగిలించినా కార్డు నంబరు చేతికి చిక్కదు.

నాలుగోది, పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టు దాచదు. బియ్యం మర పట్టిస్తే పిండి వస్తుంది. ఆ పిండి నుంచి మళ్లీ బియ్యం గింజలు రావు. పాస్‌వర్డ్‌నూ అలాగే గణితంతో 'పిండి' చేసి దాస్తారు. మనం మళ్లీ పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్నీ పిండి చేసి, రెండూ ఒకటేనా అని చూస్తారు. అందుకే మనం పాస్‌వర్డ్ మరిచిపోతే మంచి సంస్థ పాతది చెప్పదు, కొత్తది పెట్టుకోమంటుంది. ఎందుకంటే పాతది దానికీ తెలియదు.

అయిదోది, పని అయిపోయాక చెరిపేస్తుంది. మా బజ్జీ పొట్లం విషయంలో తప్పిపోయింది ఈ చివరి మెట్టే.

చట్టం ఏమంటోంది?

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, మనం నమ్మకంతో ఇచ్చిన వివరాలను చట్టం ఒప్పుకోని సందర్భంలో దుకాణం ఇతరులకు చెబితే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. చట్టం దశలవారీగా అమలులోకి వస్తుంది. దీని ప్రకారం ఎందుకు అడుగుతున్నారో చెప్పి అనుమతి తీసుకోవాలి. ఇచ్చిన అనుమతిని మనం వెనక్కి తీసుకోవచ్చు. 18 ఏళ్లు నిండని మన విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. వివరాల భద్రతను గాలికొదిలేస్తే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న, లేదా ఆ రూపంలోకి మార్చిన వివరాలకే వర్తిస్తుంది. పొట్లం కట్టిన జిరాక్సు దగ్గర మన జాగ్రత్తే మనకు దిక్కు.

మేం ఏం చేస్తున్నాం?

ఇప్పుడు మా ఇంట్లో ఏ నకలు ఇచ్చినా దాని మీద అడ్డంగా, ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చామో రాస్తాం. జిరాక్సు సరిగా రాని కాగితాన్ని కొట్టులో వదిలిరాం. మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట అదే ఇస్తాం. దుకాణంలో నంబరు అడిగితే "తప్పనిసరా అండీ?" అని మర్యాదగా అడుగుతాం. చాలాసార్లు "అక్కర్లేదు" అనే జవాబే వస్తుంది. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా చెప్పాల్సిన 1930 నంబరు మా గోడ క్యాలెండరు మీద రాసి ఉంది.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. వివరం కూడా మాటలాంటిదే. ఒకసారి చేయి దాటితే వెనక్కి రప్పించడం కష్టం.

నాన్నగారి దగ్గర బదిలీ జాబితా ఒకటి ఉంటుంది. టీసీ తీసుకోవడం, గ్యాస్ అప్పగించడం, పాలవాడి లెక్క తీర్చడం, ఇంటివారి దగ్గర అడ్వాన్సు తీసుకోవడం అందులో ఉంటాయి. ఈసారి అక్క దాని కింద ఇంకో వరుస చేర్చింది: "ఇచ్చిన కాగితాలు వెనక్కి అడగాలి."

మొన్న కొత్త ఇంటివారికి ఒప్పంద పత్రం ఇస్తూ, ఖాళీ చేసే రోజున మా నకళ్లు తిరిగి ఇమ్మని నాన్నగారు అడిగారు. ఆయన ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, "తప్పకుండా సార్" అని వాటిని ఒక కవరులో పెట్టి, మా పేరు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ ఇంటి మీద మాకు నమ్మకం కలిగింది ఆ తాళం చప్పుడుతోనే.