శ్రవణశాలలోని చిన్న పెట్టె

గడచిన సంవత్సరము తలిదండ్రుల సమావేశమునందు ఒక తండ్రిగారు లేచి మమ్ము ఇట్లు ప్రశ్నించిరి: "అయ్యవారూ, కంప్యూటరు ఎట్లూ పలుకుతుంది కదా! మళ్లా ఈ పెట్టె ఎందుకు? ఆ దుడ్డుతో పిల్లోళ్లకు నాలుగు పుస్తకాలు కొనరాదా?"

ఆనాడు వేళ మించిపోయినందున రెండు మాటలలో జవాబు చెప్పి కూర్చుంటిమి. కాని ఆ ప్రశ్న న్యాయమైనది. బడికి వచ్చిన ప్రతి రూపాయియు మీ చెమటనుండి వచ్చినదే. దానిని దేనికి వ్యయము చేసితిమో, ఎందులకు చేసితిమో మీకు తెలియజెప్పుట మా విధి. అందుచేత ఆ పెట్టె యేమిటి, అది చేయు పని యేమిటి, దానిని కంప్యూటరునకు ఎట్లు కలుపవలెను అను విషయములను ఈ సంచికలో సాధ్యమైనంత సులభముగా వివరింప దలచితిమి.

ముందుగా దీనికి కారణమైన సంగతి చెప్పవలెను. మన హోసూరు ప్రాంతపు బిడ్డ ఇంట తెలుగు మాటలాడును. అంగడిలో తమిళమును, సంతలో కన్నడమును వినును. బస్సు పలకలపై చదువునది తమిళ లిపి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగు ధ్వనులకును ఒకే అక్షరము. మన యింటి మాటలలోనూ ఒత్తక్షరములు అరుదు. కావున ఖ, ఘ, ఛ, ధ, భ మొదలగువానిని మన పిల్లలు కంటితో గాక చెవితోనే ముందు నేర్వవలసి యున్నది. ఇందుకొరకే మన బడిలో ఒక గదిని శ్రవణశాలగా ఏర్పరచి, రికార్డు చేసిన పాఠములను, పద్యములను కంప్యూటరు ద్వారా వినిపించుచున్నాము.

ఒకనాడు ఆరవ తరగతివారికి ఉక్తలేఖనము జరుగుచుండెను. స్పీకరు "ఖరము" అని పలికెను. పిల్లలలో పెక్కుమంది "కరము" అని వ్రాసిరి. కరమనగా చేయి, ఖరమనగా గాడిద. మేము వారిని మందలించితిమి. మరుసటి వారము గూడ అట్లే జరుగగా, మేమే పోయి కడపటి బల్లపై కూర్చుండి వింటిమి. అప్పుడు మాకు సిగ్గు కలిగినది. ఆ బల్లమీద మాకును "కరము" అనియే వినబడినది! పాఠము వెనుక తుమ్మెద రొదవంటి మ్రోత ఎడతెగక మ్రోగుచుండెను. ఉపాధ్యాయుడు మౌసు కదిపినప్పుడెల్ల సన్నని కీచు శబ్దము వచ్చుచుండెను. "ఖ"లో "క"కంటె అధికముగా నున్నది కొద్దిపాటి ఊపిరి మాత్రమే. ఆ ఊపిరి రొదలో మునిగిపోయినది. తప్పు పిల్లలది కాదు. మేము వినిపించిన విధానమునది.

ఆ రొద ఎక్కడిదో తెలియవలెనన్న, కంప్యూటరులో ధ్వని ఏ రూపమున నుండునో తెలియవలెను. గాలిలో ధ్వని అల. కంప్యూటరులో అల యుండదు, అంకెలుండును. అల యెత్తును క్షణక్షణము కొలిచి, ఆ కొలతలను వరుసగా వ్రాసిపెట్టుటయే డిజిటల్ రికార్డింగు. 1982లో అంగడికి వచ్చిన కాంపాక్టు డిస్కునందు సెకనుకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. అనగా 65,536 మెట్లలో అల ఏ మెట్టుపై నున్నదో గుర్తించుట. కుడి, ఎడమ రెండు వరుసలకును కలిపి లెక్కించినచో సెకనుకు 14,11,200 బిట్లగును. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములకు మించి వినజాలదు. ఒక కంపనమును తప్పక పట్టవలెనన్న దాని వేగమునకు రెండింతలకు మించిన వేగముతో కొలువవలెనని శాస్త్రము. 44,100 అను అంకె ఇందులకు చాలియున్నది.

అంకెలను చెవి వినలేదు గదా! వానిని మరల విద్యుత్తు అలగా మార్చవలెను. ఆ మార్చు సాధనమునకే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టరు అని పేరు. అంగడివారు ముద్దుగా "డాక్" అందురు. మేము దీనిని పరివర్తకము అనుచున్నాము. ఇది ప్రతి కంప్యూటరులోను, ప్రతి సెల్‌ఫోనులోను ఏదో రూపమున ఉన్నదే. కంప్యూటరు ఇంతకు ముందుకూడ పలికినది దానివలననే.

అట్లయిన బయట మరియొక పరివర్తకమేల? వినుడు. కంప్యూటరు పెట్టెలోపల విద్యుత్తును మార్చు భాగములు, తిరుగు పంకా, క్షణమునకు కోట్లసార్లు ఆగి నడచు సూక్ష్మ యంత్రములు కిక్కిరిసి యుండును. వానినుండి పుట్టు విద్యుత్ కల్లోలము చుట్టుప్రక్కల తీగెలకు అంటుకొనును. అంకెలకు దీనివలన సామాన్యముగా హాని లేదు. అంకె అనగా ఉన్నది, లేదు అను రెండే గుర్తులు. కొంచెము మరక పడినను పోల్చుకొనవచ్చును. అల అట్లు కాదు. దానికంటిన మరక దానిలో భాగమై, ఆంప్లిఫయరులో పెరిగి మన చెవిని చేరును. విత్తనములను మూటగట్టి ఎంత దూరమైనను పంపవచ్చును. లేత నారును ముళ్లకంపలోనుండి లాగుకొని పోరాదు. కావున అంకెలను అంకెలుగనే కంప్యూటరునుండి బయటకు తెచ్చి, రొద తక్కువగా నున్నచోట అలగా మార్చుట మేలు. మన శ్రవణశాలలోని చిన్న పెట్టె చేయునది ఈ పనియే.

అంకెలు వెడలు దారి యు.యస్.బి. తీగె. 1996లో వెలసిన ఈ పద్ధతిని మీరు ఫోనునకు విద్యుత్తు నింపునప్పుడు దినమును చూచుచున్నారు. దాని తొలినాటి వేగమైన సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్లే డిస్కు ధ్వనికి చాలును. ఆ వేగమున ధ్వని సెకనులో వెయ్యవ వంతునకు ఒక పొట్లము చొప్పున పోవును. 44,100ను వెయ్యిచే భాగించిన 44.1 వచ్చును. కొలతను ముక్క చేయరాదు గనుక తొమ్మిది పొట్లములలో 44, పదవ దానిలో 45 చొప్పున సర్దుదురు. పాఠ్యపత్రము పంపునప్పుడు చెడిన పొట్లమును మరల పంపవచ్చును. ధ్వనికి అంత తీరిక లేదు. పొట్లము తప్పినచో "టిక్" అను శబ్దము వినబడును. తీగె వదులుగా నున్నను, కంప్యూటరునకు పనిభారము మించినను ఇట్లు జరుగును.

పొట్లములు వచ్చు వేళ ఒకటి. అంకెలు అలగా మారు వేళ వేరొకటి. మారునప్పుడు ప్రతి అంకెయు తన క్షణమున తప్పక పలుకవలెను. తాళము తప్పిన పాటవలె, వేళ తప్పిన అంకె అలను వంకర చేయును. కొన్ని పరివర్తకములు కంప్యూటరు పంపు వేగమును బట్టి తమ గడియారమును దిద్దుకొనుచుండును. మరికొన్ని తమలోని స్ఫటిక గడియారమునే ప్రమాణముగా నుంచుకొని, "కొంచెము ఎక్కువ పంపుము, కొంచెము తగ్గింపుము" అని కంప్యూటరునకే ఆజ్ఞ యిచ్చును. ఈ రెండవ పద్ధతిని అసింక్రనస్ అందురు. మన బడి మధ్యాహ్న భోజన పంక్తిలో వడ్డించువాడు తన యిష్టమున వేసికొనిపోవుట మొదటిది. తినువాడు "చాలు", "ఇంకొంచెము" అని చెప్పుట రెండవది. రెండవదానిలో విస్తరి పొర్లదు, వెలితి పడదు. మన పెట్టె ఈ రెండవ తరగతికి చెందినది.

ఇక కలుపు విధానము. ఇండ్లలో పాత ఆంప్లిఫయరు గలవారికి ఇది నేరుగా ఉపయోగపడగలదు.

మొదట ఆంప్లిఫయరును ఆర్పవలెను. యు.యస్.బి. తీగె యొక్క బల్లపరుపు కొసను కంప్యూటరునకును, రెండవ కొసను పరివర్తకమునకును తగిలింపవలెను. తీగె 5 మీటర్లకు మించరాదు. పొట్టిదైన మరియు మంచిది. పరివర్తకము వెనుకనున్న ఎరుపు, తెలుపు రంధ్రములనుండి జంట తీగెలను ఆంప్లిఫయరునకు కలుపవలెను. అచ్చట "ఆక్స్" అనియో, "సి.డి." అనియో వ్రాసియున్న రంధ్రమునే వాడవలెను. "ఫోనో" అని యున్నది పాత గ్రామఫోను పళ్లెములకు ఉద్దేశింపబడినది. అందు కలిపినచో ధ్వని పగిలిపోవును.

పిదప కంప్యూటరునకు చెప్పవలసినది కలదు. మేము మొదటి దినమున అన్నియు కలిపి, పిల్లలను కూర్చుండబెట్టి, పాఠమును ప్రారంభింపగా స్పీకర్లు మౌనము వహించినవి! పెట్టె చెడిపోయినదేమో యని భయపడితిమి. తుదకు చూడగా కంప్యూటరు ధ్వనిని తన సొంత స్పీకరునకే పంపుచుండెను. ధ్వనికి సంబంధించిన అమరికలలోనికి పోయి, ధ్వని వెడలు సాధనముగా పరివర్తకము పేరును ఎన్నుకొనవలెను. అచ్చటనే కొలతల వేగమును రికార్డింగునకు సరిపోవునట్లు, అనగా డిస్కునుండి తీసినదానికి 44,100గా, ఉంచుట మంచిది. లేనిచో కంప్యూటరు లెక్కలను తిరిగి వేయవలసి వచ్చును. ఇట్టి వేగవంతమైన పరివర్తకములను గుర్తించు శక్తి విండోస్ 10నకు 2017లో చేరినది. అంతకు ముందు వానికి తయారీదారు ఇచ్చు డ్రైవరును వేరుగా చేర్చవలసి యుండెను.

రెండవ పొరపాటునుగూడ దాచక చెప్పెదము. కంప్యూటరు ఇయర్‌ఫోను రంధ్రముకంటె పరివర్తకము బలమైన ధ్వనిని ఇచ్చును. మేము ఆంప్లిఫయరు మరను పాత గుర్తుననే ఉంచి నడుపగా, గది అదరిపోయి మొదటి వరుస పిల్లలు చెవులు మూసికొనిరి. కనుక మరను క్రిందికి త్రిప్పియుంచి, మెల్లగా పెంచవలెను. ఆంప్లిఫయరును అన్నిటికంటె కడపట వెలిగించి, అన్నిటికంటె ముందు ఆర్పవలెను.

ఇంత చేసినను "జుమ్" అను సన్నని రొద కొంత మిగిలెను. కంప్యూటరు ఒక గోడనుండియు, ఆంప్లిఫయరు ఎదుటి గోడనుండియు విద్యుత్తును పొందుచుండెను. రెండు భూసంబంధముల నడుమ తీగెలలో చిన్న ప్రవాహము తిరుగుటచే ఈ రొద పుట్టును. రెండింటిని ఒకే పలకకు తగిలింపగా అది దాదాపు నశించినది. కొందరు రొద పోవుటకై ప్లగ్గునకు గల లావుపాటి ఎర్తు మేకును తొలగింతురు. ఇది ప్రాణాపాయము. ఎన్నడును చేయరాదు.

ఈ పెట్టె చేయలేనిది గూడ కలదు. రికార్డు చేయునప్పుడే పోయిన ధ్వనిని ఇది తేలేదు. ఎక్కువగా కుదించిన ఎం.పి.త్రీ పాఠములో ఊపిరి అరిగిపోయినచో, అది అరిగినట్లే వినబడును. సెకనుకు 1,92,000 కొలతలని ప్రకటనలు చూచి, పాఠము వినుటకు అధిక ధనము పోయవలసిన పని లేదు. బంగారు పూత పూసిన ఖరీదైన తీగె అంకెలకు క్రొత్త అందము నీయజాలదు. సక్రమముగా పనిచేయు సామాన్యమైన తీగె చాలును. అసలు కంప్యూటరునుండి రొద రానిచోట ఈ పెట్టె యే అక్కరలేదు. కాబట్టి ప్రతి యింట దీనిని కొనుడని మేము చెప్పుటలేదు. ముప్పదిమంది పిల్లలు కడపటి బల్లవరకు వినవలసిన గదికి ఇది అవసరమైనది, అందుచేత కొంటిమి.

పెట్టె అమర్చిన పిమ్మట అదే ఉక్తలేఖనమును మరల పెట్టితిమి. కడపటి బల్లవారును పెక్కుమంది "ఖరము" అని వ్రాసిరి. ఒక బాలిక మాత్రము మరల "కరము" అనియే వ్రాసినది. "రొద లేదు గదమ్మా, ఎందులకిట్లు?" అని అడుగగా, "రెండూ ఒకటే మాదిరి ఉండాయి అయ్యవారూ" అనెను. ధ్వని చెవికి చేరినది గాని, ఆ భేదమును పోల్చుకొను అలవాటు చెవికి కలుగలేదు. అప్పుడు మా ఉపాధ్యాయిని ఆ బాలిక అరచేతిని తన పెదవుల యెదుట ఉంచి "క" అనెను. పిమ్మట "ఖ" అనెను. రెండవసారి ఊపిరి అరచేతికి తగిలినది. బాలిక ముఖము వికసించెను. ఆ మాటను తానే పదిసార్లు పలికి, తన చేతిపై తానే ఊపిరిని చూచుకొని, తప్పును దిద్దుకొనెను.

ఆనాడు ప్రశ్నించిన తండ్రిగారికి మా జవాబు ఇదియే. కంప్యూటరు పలుకుచుండెను, నిజమే. కాని అది పలికినది మన బిడ్డల చెవికి చేరుచుండలేదు. చేరనిదానికై మేము వారిని దండించుచుంటిమి. ఈ పెట్టె ఆ అడ్డును తొలగించినది. తరువాతి పని ఉపాధ్యాయునిది, మీది. రాత్రి భోజనమైన పిదప మీ బిడ్డ అరచేతిని మీ పెదవుల యెదుట నుంచుకొని "కరము, ఖరము, పలక, ఫలము" అని నాలుగు మాటలు పలుకుడు. దానికి ఏ తీగెయు అక్కరలేదు.

శ్రవణశాల తలుపు మీకు ఎల్లప్పుడును తెరచియే యుండును. బడి వేళలలో ఎప్పుడైనను దయచేసి, కడపటి బల్లపై కూర్చుండి, మీ చెవులతో మీరే విని, మీ దుడ్డు సార్థకమైనదో కాదో నిర్ణయింప ప్రార్థన.