టోపీ మీద కిరీటము

క్రిస్మస్ ఎప్పుడని అడిగితే మన ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా డిసెంబరు 25 అని టక్కున చెప్తారు. అయితే అమెరికా దేశపు పశ్చిమ రాష్ట్రాలలో జూలై నెలలో కూడా ఒక 'క్రిస్మస్' ఉన్నది. అది రక్షకుని జన్మదినము కాదు. జూలై 4 ఆ దేశమునకు స్వాతంత్ర్య దినము. దానికి ముందూ వెనుకా ఉన్న దినములలో అక్కడ ఊరూరా రోడియో పోటీలు జరుగుతాయి. బహుమతి డబ్బు దండిగా దొరికే కాలము గనుక ఆటగాళ్ళు దానికి 'కౌబాయ్ క్రిస్మస్' అని పేరు పెట్టుకున్నారు.

రోడియో అంటే ఏమిటని మీరు అడగవచ్చు. కౌబాయ్ అంటే గుర్రమెక్కి పశువుల మందలను కాచే మనిషి. అతని రోజువారీ పనులలో నుండి పుట్టినదే ఈ ఆట. లొంగని గుర్రము మీద గానీ గిత్త మీద గానీ ఒంటి చేతి పట్టుతో 8 సెకండ్లు నిలవాలి. పరుగెత్తే దూడ మెడకు తాడు విసిరి ఉచ్చు బిగించాలి. సంక్రాంతి దినములలో మన పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలకు జనము ఎలా కదలివస్తారో అక్కడ వీటికి అలా వస్తారు. అరిజోనా రాష్ట్రములోని ప్రెస్కాట్ ఊరిలో 1888 నుండి, వయోమింగ్ రాష్ట్రములోని కోడీ ఊరిలో 1919 నుండి ఈ పోటీలు జరుగుతున్నాయి. మూగజీవాలకు ఇది బాధ అని అభ్యంతరము చెప్పేవారు ఆ దేశములోనే ఉన్నారు. ఆ వాదము నేటికీ తెగలేదు.

ఈ పోటీలకు ఒక రాణి ఉంటుంది. ఊరికొక రాణి, రాష్ట్రానికొక రాణి, వారందరి మీద దేశానికొక రాణి. దేశపు రాణిని ఎన్నుకొనే 'మిస్ రోడియో అమెరికా' పోటీ 1955లో మొదలైనది. అందము ఒక్కటే చూసి కిరీటము పెట్టరు. గుర్రపు స్వారీ చూస్తారు. గుర్రముల జబ్బులు, మేత, జీను సామాను, ఆట నియమముల మీద ప్రశ్నలు అడుగుతారు. పదిమందిలో నిలబడి మాట్లాడమంటారు. గుర్రమును కూడా చీటీ వేసి ఇస్తారు. తాను పెంచిన గుర్రము మీద ఎవరైనా స్వారీ చేస్తారు, పరాయి గుర్రమును దిద్దుకోవడములోనే నేర్పు తెలుస్తుంది.

అటువంటి ఒక రాష్ట్రపు రాణి వెంట పండుగ దినములలో మనము కొంచెము దూరము నడుద్దాము. ఈమె ఒక్క మనిషి కాదు. ఆ కిరీటము పెట్టుకొనే అమ్మాయిలు చేసే పనులను ఒకచోట కూర్చి చెప్తున్నాము.

జూలై 2. మొంటానా రాష్ట్రములో లివింగ్‌స్టన్ ఊరు. సాయంకాలపు ఆట మొదలు కాకముందు ప్రార్థన చేస్తారు, జాతీయ గీతము పాడుతారు. అప్పుడు రాణి పెద్ద జెండా పట్టుకొని గుర్రము మీద దౌడు తీస్తూ మైదానము చుట్టి వస్తుంది. ఒక చేతిలో జెండా కర్ర, మరో చేతిలో పగ్గాలు. గాలికి జెండా టపటపా కొట్టుకుంటే గుర్రము బెదరవచ్చు. పైగా దూర ప్రయాణములలో చాలాసార్లు అది ఎవరో ఆ పూటకు ఎరువిచ్చిన గుర్రము. దాని గుణము ఆమెకు అరగంట క్రితము వరకు తెలియదు. చూసేవారికి మాత్రము ఆమె నవ్వే కనబడుతుంది.

జెండా దించిన తరువాత కూడా ఆమె గద్దె మీద కూర్చోదు. తాడు పోటీ ముగిసిన దూడలను తోలి దొడ్డిలోకి చేర్చడములో సాయపడుతుంది. ఆట అయ్యాక గేటు దగ్గర నిలబడి పిల్లల కాగితముల మీద సంతకాలు చేస్తుంది. వరుసలో చివర నిలబడిన పిల్లవాడికి ఆమె ఆ రోజు ఎన్నివందల మందిని పలకరించిందో తెలియదు. వాడికి ఇదే మొదటి పలకరింపు. అందుకే మొదటివాడికి ఇచ్చిన నవ్వే వాడికీ ఇవ్వాలి.

జూలై 3. అక్కడ నుండి రెడ్ లాడ్జ్ ఊరికి రమారమి 190 కిలోమీటర్లు. దూరమెంతైనా ఆగినచోటెల్లా గుర్రములకు నీళ్ళు పెట్టాలి, కాళ్ళు తడిమి చూడాలి, ఎండుగడ్డి వేయాలి. బండి తోలేది ఎక్కువగా తల్లిగానీ తండ్రిగానీ. డీజిలు, దాణా, బట్టలు, ఈ ఖర్చులలో కొంత దాతలు ఇచ్చినా చాలా భాగము కుటుంబమే మోస్తుంది. రాణులు ఆసుపత్రులకు, బడులకు, వృద్ధుల ఆశ్రమములకు కూడా వెళ్తారు. మంచము మీది ముసలాయన తన చిన్ననాటి గుర్రము సంగతి చెప్తుంటే గడియారము వైపు చూడకుండా వినడము కూడా ఆమె పనే.

జూలై 4. మరో 100 కిలోమీటర్లు నడిస్తే కోడీ. ఉదయము వీధులలో ఊరేగింపు, సాయంకాలము మళ్ళీ మైదానము. ఎండకు దుమ్ము లేచినా చొక్కా మెరుస్తూ ఉండాలి. టోపీ చుట్టూ బిగించిన కిరీటము కదలకూడదు.

ఈ మైదానములలో ప్రమాదము మాటవరసకు చెప్పేది కాదు. ఒకప్పుడు ఆడవారు కూడా లొంగని గుర్రముల మీద పోటీ పడేవారు. 1929లో ఆరెగాన్ రాష్ట్రపు పెండిల్టన్ పోటీలలో బానీ మెక్‌కారల్ అనే ప్రసిద్ధ రౌతు గుర్రముతో కూడ పడి, ఆ గాయములతో చనిపోయారు. తరువాత పెద్ద పోటీలలో స్త్రీలకు ఆ అవకాశము మూసుకుపోతూ వచ్చినది. 1948లో టెక్సాస్ రాష్ట్రపు శాన్ ఆంజెలో ఊరిలో 38 మంది స్త్రీలు కూడి తమ పోటీల కొరకు ఒక సంఘము పెట్టుకున్నారు. మూడు పీపాల చుట్టూ గుర్రమును తిప్పి వేగముగా వచ్చే పోటీకి ఈనాడున్న పేరు వారి కష్టఫలమే. నేటికీ గిత్త మీద నుండి ఒక యువకుడు పడి లేవకపోతే వేలమంది చటుక్కున మౌనమవుతారు, టోపీలు తీసి ప్రార్థన చేస్తారు. ఆ మౌనములో రాణి కూడా ఉంటుంది. అతడు చేయి ఊపుతూ బయటికి వెళ్ళాక మళ్ళీ నవ్వాలి. ఆ రెండవ నవ్వు తేలిక కాదు.

పండుగ ముగిసి ఆదివారము వచ్చినది. పోటీలు జరిగే చాలా ఊళ్ళలో ఆ ఉదయము మైదానపు మెట్ల మీదనే ఆరాధన జరుగుతుంది. 'కౌబాయ్ చర్చి' అంటారు. గుడికి వెళ్ళే బట్టలు లేవని ఎవరూ ఆగిపోరు, బూట్లకు పేడ అంటుకున్నవారు కూడా వచ్చి కూర్చుంటారు. ఇటువంటి సంఘములలో పశువులు నీళ్ళు తాగే తొట్టెలో బాప్తిస్మము ఇవ్వడము కూడా ఉన్నది. అక్కడ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కిరీటము కూడా దించినట్టే. ఆ గంటసేపు ఆమె ఎవరికీ చేయి ఊపనక్కరలేదు. తల్లి పక్కన కూర్చున్న కూతురు, అంతే.

ప్రియ పాఠకులారా, కిరీటమును చూసి ఆశపడడము తేలిక. దాని కింద నిద్రలేని కళ్ళు ఉంటాయని గుర్తించడము కష్టము. ఈ రాణి సంగతి దూరదేశపు వింతగా చదివి మరచిపోవద్దని మనవి. మన ఇళ్ళలో కూడా పండుగ దినమున ఒకరు ఇలాగే తిరుగుతారు. తెల్లవారుజామున పొయ్యి ముట్టించి, బర్రెలకు మేత వేసి, పిల్లలకు కొత్తబట్టలు తొడిగి, గుడికి వెళ్ళి వచ్చి, చుట్టాలందరికీ నవ్వుతూ వడ్డిస్తారు. ఆ నవ్వు చూసి ఆమెకు అలుపు లేదనుకుంటాము. చివరి విస్తరి దగ్గర అన్నము మిగిలినదో లేదో చూడము.

రాణి బండి రాత్రి ఇల్లు చేరేసరికి తండ్రి గుర్రములను దించి కట్టివేస్తాడు. తల్లి పళ్ళెములో అన్నమో రొట్టెయో పెట్టి ముందు తినమంటుంది. మూడు దినములలో ఎవరూ అడగని మాట అది. వచ్చే పండుగకు మన ఇంటిలో కూడా ఎవరైనా ఒకరు ముందుగా ఆ మాట అడిగితే బాగుంటుంది: "అమ్మా, నువ్వు తిన్నావా?"